వెనిస్‌లో మంచినీళ్ల బావులా? ఉప్పునీటి మధ్య ఊరు కథ తెలిసినవాళ్లు చెప్పండి

టీచరమ్మ | శనివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మ్యూనిక్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్క రోజు వెనిస్ చూసొచ్చాం. గైడు ఆరు గంటలు తిప్పాడు. అందులో రెండు గంటలు గాజు సామాన్ల షాపుల్లోనే పోయాయి. "ఎవరో తరిమితే పారిపోయి వచ్చినవాళ్లు నీళ్ల మీద కట్టుకున్న ఊరు" అని ఒక్క ముక్కలో చరిత్ర ముగించేశాడు.

నాకు రెండు సందేహాలు మిగిలిపోయాయి. ఒకటి, ఏ చిన్న కూడలికి వెళ్లినా మధ్యలో రాతి గట్టు ఉన్న బావి, దాని మీద ఇనప మూత. ఇదేంటి బాబూ అంటే "అలంకారానికి" అన్నాడు. నేను కోనసీమ మనిషిని. సముద్రం దగ్గర ఎన్ని అడుగుల దాకా తీపి నీళ్లు పడతాయో, ఎక్కడ ఉప్పు తగులుతుందో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. నాలుగు పక్కలా ఉప్పునీళ్లుంటే బావి ఎందుకు తవ్వుకున్నట్టు?

రెండోది, అసలు ఆ బురదలో ఊరు కట్టాలని ఎవరికి తోచింది? తెలిసినవాళ్లు తీరిగ్గా చెప్పండి, నాకు తొందరేం లేదు.

సైటింజనీరు | శనివారం, ఉదయం 8:15

టీచరమ్మ గారూ, మీ గైడుని వదిలేయండి. అవి అలంకారం కాదు, నిజం బావులూ కాదు. వాన నీటి తొట్లు.

ఎలాగంటే, కూడలి మొత్తాన్ని ఐదారు మీటర్ల లోతున తవ్వేసేవాళ్లు. గోతి అడుగునా పక్కలా మెత్తటి బంకమన్ను మందంగా మెత్తితే ఉప్పునీరు లోపలికి రాదు. మధ్యలో ఇటుకలతో గుండ్రంగా గొట్టంలా లేపి, చుట్టూ ఖాళీ అంతా ఇసకతో నింపి, పైన రాళ్లు పరిచేవాళ్లు. ఆ పరుపుకి బావి చుట్టూ చిల్లులున్న రాతి పలకలు నాలుగు కనిపిస్తాయి. చూసే ఉంటారు, మనం మామూలు డ్రైనేజీ అనుకుంటాం. కూడలి మీదా చుట్టుపక్కల ఇళ్ల చూర్ల మీదా పడ్డ వాన ఆ చిల్లుల్లోంచి దిగి, ఇసకలో వడకట్టుకుని, ఇటుకల సందుల్లోంచి మధ్య గొట్టంలోకి చేరుతుంది. పైన తోడుకోవడమే. అంటే కూడలి కూడలీ ఒక వాటర్ ఫిల్టర్ అన్నమాట.

మూతకి తాళం ఉండేది. పేట పెద్ద దగ్గర తాళంచెవి. పొద్దునా సాయంత్రం గంట కొట్టి తెరిచేవాడు. 19వ శతాబ్దం మధ్యలో లెక్కేస్తే ఇళ్లలోవి, వీధుల్లోవి కలిపి ఆరు వేలకు పైగా తేలాయి. వానలు లేని వేసవిలో బ్రెంటా నది నుంచి పడవల్లో నీళ్లు తెచ్చి అమ్మేవాళ్లు, వాళ్లకో సంఘం కూడా ఉండేది. పెద్ద పోటొచ్చి సముద్రం కూడలి మీదికి ఎక్కితే మాత్రం ఆ తొట్టి పని అయిపోయినట్టే, మళ్లీ ఇసక మార్చుకోవాలి. 1884లో పైపుల్లో మంచినీళ్లు వచ్చాక మూతలు వేసేశారు.

రెండో ప్రశ్నకి మధ్యాహ్నం రాస్తాను. స్లాబు పోస్తున్నాం, కాంక్రీటు బండి వచ్చింది.

పాతనాణెం | శనివారం, ఉదయం 10:02

స్లాబు అయ్యేలోపు నేను మొదలుపెడతాను.

వెనిస్ వాళ్లు చెప్పుకునే కథ ప్రకారం 421 మార్చి 25న ఊరు పుట్టింది. అది పుట్టినరోజు పండగ కోసం తర్వాత కట్టిన కథ. జరిగింది చాలా నెమ్మదిగా జరిగింది. 452లో అట్టిలా హూణ సైన్యం అక్విలేయా నగరాన్ని నేలమట్టం చేసింది. 568 నుంచి లాంబార్డులు అనే జర్మన్ తెగవాళ్లు ఉత్తర ఇటలీలో దిగారు. గొడవ వచ్చినప్పుడల్లా ఒడ్డున ఉన్న జనం పడవలెక్కి లంకల్లోకి పోవడం, సద్దుమణిగాక కొందరు వెనక్కి రావడం, కొందరు అక్కడే ఉండిపోవడం.

మన పులికాట్ సరస్సుని ఊహించుకోండి. సముద్రానికీ సరస్సుకీ మధ్య శ్రీహరికోటలా ఇసక దిబ్బ. లోపల మోకాలి లోతు నీళ్లు, బురద మేటలు. దారి తెలిసినవాడికే అది దారి. గుర్రం మీద వచ్చినవాడు ఒడ్డున నిలబడి చూడాల్సిందే.

ఇంకో మాట. అక్కడ వీళ్లకంటే ముందే మనుషులున్నారు. 537, 538 ప్రాంతంలో కాసియోడోరస్ అనే రోమన్ మంత్రి ఆ లంకల వాళ్లకి ఒక ఉత్తరం రాశాడు. మీరు నీటిపక్షుల్లా గూళ్లు కట్టుకున్నారు, గుమ్మం ముందు గొడ్లని కట్టేసినట్టు పడవలు కట్టేసుకుంటారు, నాగలి బదులు ఉప్పు మడిలో రోలర్లు లాగుతారు, బంగారం అక్కర్లేనివాడు ఉండొచ్చు గానీ ఉప్పు అక్కర్లేనివాడు ఉండడు, ఇలా సాగుతుంది ఆ ఉత్తరం. ఎందుకు రాశాడంటే, వాళ్ల పడవల్లో సర్కారు సరుకు రవాణా చేయించుకోవడానికి. పొగడ్త వెనకాల పని ఉంది!

నా దృష్టిలో వెనిస్ కథకి తలుపు అదే. పొలం లేదు, అడవి లేదు, గని లేదు. ఉప్పూ పడవలే పెట్టుబడి.

సైటింజనీరు | శనివారం, సాయంత్రం 5:40

స్లాబు అయింది. పాతనాణెం గారు బాగా చెప్పారు, పునాదుల సంగతి నేను చెప్తాను.

బురద మీద గోడ నిలవదు కాబట్టి దుంగలు దించారు. ఓక్, లార్చ్, ఆల్డర్ చెట్లు. ఇద్దరు ముగ్గురు మనుషులు బరువైన దిమ్మని ఎత్తి వేస్తూ, కింద గట్టి బంకమట్టి తగిలేదాకా దగ్గర దగ్గరగా దిగ్గొట్టేవాళ్లు. పైన చెక్కలు అడ్డంగా పరిచి, ఆ మీద ఇస్త్రియా నుంచి తెచ్చిన తెల్ల రాయి. ఆ రాయి నీళ్లు తాగదు. దాని మీద ఇటుక గోడ. కర్ర కుళ్లదా అని మా సైట్లో కుర్రాళ్లు అడుగుతుంటారు. పూర్తిగా నీట మునిగిన కర్రకి గాలి తగలదు, గాలి లేకపోతే కుళ్లబెట్టే పురుగు బతకదు. కాసేపు తడిసి కాసేపు ఆరే చోటే ప్రమాదం. 1631లో మొదలుపెట్టిన సలూతే చర్చి కింద పది లక్షలకు పైగా దుంగలున్నాయని చెప్తారు. 1588, 1591 మధ్య కట్టిన రియాల్టో రాతి వంతెనకి ఒక్కో ఒడ్డున వేలల్లో దించారు. పైగా ఒకే తోరణం. కూలిపోతుందని అప్పట్లో కొందరు పందేలు కాసినంత పని చేశారు. ఇంకా నిలబడే ఉంది.

వాళ్ల అసలు ఇంజనీరింగు మాత్రం ఊళ్లో లేదు, ఊరి బయట ఉంది. సరస్సులోకి దిగే నదులు మేట తెచ్చి పూడ్చేస్తే పడవలు రావు, శత్రువు నడిచొచ్చేస్తాడు. అందుకని బ్రెంటా, పియావే, సీలే నదులన్నిటినీ శతాబ్దాల తరబడి పక్కకి మళ్లించి సముద్రంలో కలిపారు. 1501లోనే నీటి వ్యవహారాలకి ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టారు. 1604లో పో నదినే దక్షిణానికి తిప్పేశారు. పోలవరం గురించి ఇంత మాట్లాడుకుంటాం కదా, పార పట్టుకుని చేసిన పని అది.

డెబిట్‌క్రెడిట్ | శనివారం, రాత్రి 9:11

నేను సీఏని, చరిత్ర పండితుణ్ణి కాదు. కానీ రెండు పద్దుల లెక్కని ఒకప్పుడు "వెనిస్ పద్ధతి" అనేవాళ్లు. లూకా పాచోలీ 1494లో దాన్ని అచ్చేయించింది వెనిస్‌లోనే. ఆయన కనిపెట్టలేదు, అప్పటికే వర్తకులు వాడుతున్నదాన్ని రాసిపెట్టాడు. ఆర్టికల్‌షిప్‌లో రాత్రి రెండింటికి ట్రయల్ బ్యాలెన్స్ కలవక ఏడ్చినప్పుడల్లా ఈ ఊరినే తిట్టుకునేవాణ్ణి.

వర్తకం ఎలా నడిచిందో చూడండి. ఇంట్లో కూర్చున్నవాడు డబ్బు పెడతాడు, ఓడెక్కినవాడు ప్రాణం పెడతాడు. మామూలు ఒప్పందంలో లాభంలో నాలుగింట మూడు వంతులు డబ్బు పెట్టినవాడికి, ఒక వంతు ఓడెక్కినవాడికి. ఓడ మునిగితే డబ్బు పెట్టినవాడి డబ్బే పోతుంది, ఓడెక్కినవాడు బతికుంటే అప్పు లేకుండా బయటపడతాడు. చేతిలో పైసా లేని కుర్రాడు నాలుగు ట్రిప్పులు కొడితే తనే పెట్టుబడిదారు అయ్యేవాడు. అదీ వాళ్ల ఊపు.

తర్వాత ఏమైంది? పైకొచ్చినవాళ్లు నిచ్చెన లాగేశారు. 1297లో ఊరిని ఏలే మహాసభ సభ్యత్వం దాదాపు కొన్ని కుటుంబాలకే అని తలుపు మూసేశారు. కొత్తవాడు ఎంత సంపాదించినా లోపలికి రావడం బాగా కష్టమైపోయింది.

సూటిగా | శనివారం, రాత్రి 10:30

అందరూ తెగ పొగుడుతున్నారు. నేను ఒక్క ముక్క చెప్తాను: వెనిస్ దొంగల ఊరు.

ఊరి దేవుడే దొంగ సరుకు. 828లో ఇద్దరు వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి సెయింట్ మార్క్ అవశేషాలు ఎత్తుకొచ్చారు. కస్టమ్స్‌వాళ్లు ముట్టుకోకుండా పైన పంది మాంసం కప్పారట. ఆ దొంగతనాన్ని సిగ్గులేకుండా చర్చి గోడల మీద బంగారు మొజాయిక్ బొమ్మలుగా పెట్టుకున్నారు. చర్చి ముందున్న నాలుగు కంచు గుర్రాలు? 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ని, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌ని, కొల్లగొట్టి తెచ్చినవి. మతయుద్ధానికి బయల్దేరి సాటి క్రైస్తవుల రాజధానిని దోచుకున్నారు.

పాతనాణెం | శనివారం, రాత్రి 11:05

సూటిగా గారూ, దోపిడీ కాదని నేననను. మూడు రోజులు ఆ నగరం ఏమైందో చదివితే అన్నం సహించదు. కానీ అక్కడిదాకా ఎలా వెళ్లారో చూస్తే కథ ఇంకా బాగుంటుంది, ఎందుకంటే మొదలైంది అప్పు పత్రంతో.

1201లో ఫ్రెంచి ప్రభువుల దూతలు వచ్చి మతయుద్ధానికి 33,500 మందిని ఓడల్లో తీసుకెళ్లాలి అన్నారు. 85,000 వెండి మార్కులకి బేరం కుదిరింది. వెనిస్ తన వ్యాపారం ఆపుకుని మరీ ఏడాది పాటు ఓడలు కట్టింది. 1202లో చూస్తే వచ్చినవాళ్లు మూడోవంతు. ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినా 34,000 మార్కులు తక్కువ పడ్డాయి. పెళ్లికి వెయ్యి మందికి వండించి మూడొందల మంది వస్తే వంటవాడికి ఎవరిస్తారు డబ్బు?

అప్పటి డోజే ఎన్రికో దాందొలో. చూపు లేదు, వయసు తొంభై దరిదాపుల్లో. డోజే అంటే వాళ్ల ఎన్నికైన అధినేత, రాజు కాదు. ఆయన బాకీకి గడువిచ్చాడు, బదులుగా నాకు తిరగబడ్డ జారా రేవుని పట్టిపెట్టండి అన్నాడు. పోప్ వెలివేసినా లెక్కచేయలేదు. అక్కడుండగా బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న సామ్రాజ్యం, రాజకుమారుడొకడు వచ్చి, మా నాన్న సింహాసనం మాకు ఇప్పిస్తే మీ బాకీలన్నీ నేనే తీరుస్తా అన్నాడు. ఇప్పించారు. అతను తీర్చలేకపోయాడు. 1204 ఏప్రిల్‌లో జరగాల్సింది జరిగింది.

వాటాల్లో వెనిస్‌కి ఎనిమిదింట మూడు వంతులు. దాందొలో మరుసటేడు అక్కడే పోయాడు. హాగియా సోఫియాలో ఖననం చేశారు. గుర్రాలంటారా, 1797లో నెపోలియన్ వాటిని పారిస్ ఎత్తుకెళ్లాడు, 1815లో తిరిగొచ్చాయి. టీచరమ్మ గారు బయట చూసినవి నకళ్లు, అసలువి లోపల మ్యూజియంలో ఉన్నాయి.

సూటిగా | శనివారం, రాత్రి 11:20

అంటే రికవరీ ఏజెంట్లంటారు. సరే, ఒప్పుకుంటా. దొంగ కంటే వడ్డీ వ్యాపారి మేలని కాదు గానీ.

కొత్తసభ్యుడు_77 | ఆదివారం, ఉదయం 7:02

ఫ్రెండ్స్, వెనిస్‌లో ఇండియన్ ఫుడ్ దొరుకుతుందా? షెంగెన్ వీసాకి బ్యాంక్ బ్యాలెన్స్ ఎంత చూపించాలి?

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 8:30

కొత్తసభ్యుడు గారూ, మీ ప్రశ్నని ప్రయాణాల విభాగంలోకి మార్చాను. ఇక్కడ చరిత్ర కొనసాగనివ్వండి. సూటిగా గారూ, వడ్డీ వ్యాపారుల మీద కొత్త థ్రెడ్ పెట్టకండి దయచేసి.

లెక్కలపంతులు | ఆదివారం, ఉదయం 9:45

డోజే ఎన్నిక గురించి ఎవరూ ఎత్తలేదేం? క్లాసులో ప్రాబబిలిటీ చెప్పేటప్పుడు నేను వాడే ఉదాహరణ అది.

1268 నుంచి ఇలా చేసేవాళ్లు. మహాసభలోంచి చీటీల పద్ధతిలో 30 మందిని తీస్తారు. వాళ్లని మళ్లీ చీటీలతో 9కి కుదిస్తారు. ఆ 9 మంది ఓటేసి 40 మంది పేర్లు చెప్తారు. 40ని చీటీలతో 12 చేస్తారు. 12 మంది 25 మందిని ఎన్నుకుంటారు. 25 లోంచి చీటీలతో 9. ఆ 9 మంది 45 మందిని. 45 లోంచి చీటీలతో 11. ఆ 11 మంది 41 మందిని. ఈ 41 మంది కూర్చుని డోజేని ఎన్నుకుంటారు, కనీసం 25 ఓట్లు రావాలి.

ఊపిరి తీసుకోండి.

చీటీ అంటే కాగితం కాదు, చిన్న బంతి. వాళ్ల భాషలో బల్లోత్తా. ఇంగ్లీషు వాడి బ్యాలెట్ అక్కణ్ణుంచే వచ్చింది. బంతులు తీసే పిల్లవాణ్ణి చర్చి బయట వీధిలో కనిపించినవాణ్ణి పట్టుకొచ్చేవాళ్లు, ముందే ఎవరూ మేనేజ్ చేయకుండా. ఏ కుటుంబమూ ఏ దశలో ఎవరు మిగులుతారో అంచనా వేయలేదు కాబట్టి డబ్బు పంచడానికి మనిషి దొరకడు. మన ఎంపీటీసీల క్యాంపు రాజకీయాలు తెలిసినవాళ్లకి దీని విలువ అర్థమవుతుంది.

ఎన్నికయ్యాక ఆయన చేతులు కట్టేసేవాళ్లు. తనకొచ్చే ఉత్తరం కూడా ఒంటరిగా విప్పకూడదు. 1355లో మరీనో ఫలియేరో అనే డోజే రాజైపోదామని కుట్ర చేస్తే తల తీసేశారు. సభామందిరంలో డోజేల బొమ్మలన్నీ వరసగా ఉంటాయి, ఆయన చోట మాత్రం నల్ల ముసుగు పెయింట్ చేసి ఉంటుంది.

టీచరమ్మ | ఆదివారం, ఉదయం 11:30

పంతులు గారూ, ఆ నల్ల ముసుగు నేను చూశాను! ఎవరో చిరాకుపడి రంగు పూసేశారేమో అనుకున్నా.

ఒక మాట అడుగుతా. మన తెలుగుని "ప్రాచ్యదేశపు ఇటాలియన్" అన్నది వెనిస్ యాత్రికుడేనని పిల్లలకి ముప్పై ఏళ్లు చెప్పాను. వెనిస్‌కీ మనకీ నిజంగా సంబంధం ఉందా?

పాతనాణెం | ఆదివారం, మధ్యాహ్నం 2:18

ఉంది టీచరమ్మ గారూ, ఆ మాట కంటే గట్టి సంబంధమే ఉంది.

ముందు ఆ మాట సంగతి. నికొలో దె కాంతి వెనిస్ సరస్సు చివరున్న కియోజ్జా ఊరివాడు, 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. ప్రాణం దక్కించుకోవడానికి దారిలో మతం మార్చుకున్నాడు. దానికి ప్రాయశ్చిత్తంగా నీ ప్రయాణమంతా నా కార్యదర్శికి చెప్పు అన్నాడు పోప్. ఆ కార్యదర్శి పోజ్జో రాసిపెట్టిన కథనం ఇంగ్లీషులో మొత్తం చదివాను. నగరం చుట్టుకొలత 60 మైళ్లు అనే మాట ఉంది, మన భాష ఇటాలియన్‌లా ఉందన్న మాట నాకు కనబడలేదు. పోలిక మాత్రం తప్పు కాదు, రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి.

గట్టి సంబంధం వెనిస్ యాత్రికుడు మార్కో పోలో. ఆయన ముత్ఫిలి అని రాసింది మన మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. 1244లో గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయశాసనం వేయించిన రేవు అదే. గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ సరుకు మేం లాక్కోం, సుంకం ఇంత అని రాయించాడు. మార్కో పోలో అక్కడ ఒక రాణి ఏలుతోందని, ఆమె న్యాయం తప్పనిదని, నలభై ఏళ్లుగా రాజ్యం చేస్తోందని చెప్పాడు. రుద్రమదేవే అని పండితులు గుర్తుపట్టారు. రాణి భర్త పోయాడని రాశాడు, ఆయన తికమకపడ్డది గణపతిదేవుడి విషయంలో, ఆయన ఆమె తండ్రి. సాలెగూడంత సన్నని బట్ట గురించీ, వజ్రాల లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు ఎత్తుకొచ్చే కథ గురించీ అక్కడే ఉంది. గద్దల కథ పాతదే, చాలా దేశాల్లో చెప్పుకుంటారు.

ఇక నా పిచ్చి, నాణేలు. 1284లో వెనిస్ బంగారు డ్యూకట్ కొట్టడం మొదలుపెట్టింది. మూడున్నర గ్రాములు, అప్పట్లో కుదిరినంత మేలిమి బంగారం. 1797 దాకా బరువు గానీ మేలిమి గానీ దాదాపు మార్చలేదు. మిరియాలకి బదులుగా మన దక్షిణాదికి అవి కుప్పలుగా వచ్చాయి. మన వరహా బరువూ దానికి దగ్గరే. డ్యూకట్ మీద సెయింట్ మార్క్ ముందు డోజే మోకాళ్ల మీద ఉండి జెండా కర్ర పట్టుకుంటాడు. తమిళ దేశంలో జనం ఆ కర్రని తాటిచెట్టు అనుకున్నారు, డోజేని కల్లుగీత మనిషి అనుకున్నారు. ఆ పేరుతోనే పిలిచారు, గొలుసుల్లో గుచ్చుకున్నారు. మధ్యధరా సముద్రాన్ని వణికించిన డోజే ఇక్కడికొచ్చి తాటిచెట్టెక్కాడు!

1567లో చెజారె ఫెదెరీచి అనే వెనిస్ వర్తకుడు హంపీలో ఏడు నెలలున్నాడు, అంటే తళ్లికోట యుద్ధం అయిన రెండేళ్లకి. ఇళ్లు నిలబడే ఉన్నాయి, మనుషులు లేరు, లోపల పులులు తిరుగుతున్నాయని చెప్పాడు.

సూటిగా | ఆదివారం, మధ్యాహ్నం 3:00

మిరియాలంటే గుర్తొచ్చింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ రాగానే వెనిస్ పని అయిపోయింది కదా. పదో తరగతి పుస్తకంలో అదే ఉంది.

డెబిట్‌క్రెడిట్ | ఆదివారం, మధ్యాహ్నం 3:40

పదో తరగతి పుస్తకం తొందరపడింది. 1500 తర్వాత కొన్నేళ్లు గట్టి దెబ్బే. 1504లో అలెగ్జాండ్రియా వెళ్లిన వెనిస్ ఓడలు మిరియాలు లేక ఖాళీగా తిరిగొచ్చాయి. కానీ వెనిస్‌కి మిరియాలొచ్చే ఎర్రసముద్రం దారిని పోర్చుగీసువాళ్లు పూర్తిగా మూయలేకపోయారు. 1560ల నాటికి అలెగ్జాండ్రియా దారిన పాత స్థాయిలో మళ్లీ మిరియాలొచ్చాయి. నిజంగా గొంతు పిసికింది 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు. ఈలోగా టర్కీతో యుద్ధాలు. 1571లో లెపాంతో సముద్ర యుద్ధంలో గెలిచినా సైప్రస్ పోయింది, ఇరవై ఏళ్లకు పైగా ముట్టడి తర్వాత 1669లో క్రీట్ పోయింది.

డబ్బున్నవాళ్లు ఓడలమ్మి ఒడ్డున పొలాలు కొన్నారు. పొలం లేకపోవడమే బలం అయిన ఊరు పొలాల మీద పడింది. నా ఉద్దేశంలో జబ్బు అక్కడ మొదలైంది. సైటింజనీరు గారు ఒప్పుకోకపోవచ్చు.

సైటింజనీరు | ఆదివారం, సాయంత్రం 4:25

ఒప్పుకోను. తిండిగింజల కోసం టర్కీ మీద ఆధారపడ్డ ఊరు పొలం కొంటే తప్పేంటి? కొన్న పొలాల్లో చిత్తడి ఎండగట్టి మొక్కజొన్న వేశారు. మీ కామర్స్‌వాళ్లకి నేల మీద పెట్టిన డబ్బు డబ్బు కాదు.

మెస్త్రెకుర్రాడు | ఆదివారం, సాయంత్రం 6:10

హలో అండీ, థ్రెడ్ ఇప్పుడే చూశాను. పాదువాలో ఎంఎస్ చేసి, ఇప్పుడు మెస్త్రెలో ఉంటున్నాను. వెనిస్‌కి ఎదురుగా ఒడ్డున ఉన్న ఊరు, మునిసిపాలిటీ ఒక్కటే.

కరోనాలో మనందరికీ నోరు తిరిగిన క్వారంటైన్ వెనిస్ మాటే. 40 రోజులు అని. మనుషుల్ని వేరుగా ఉంచే పని ముందు చేసింది రగూసా (ఇప్పటి దుబ్రోవ్నిక్), 1377లో 30 రోజులు. కానీ ప్లేగు రోగుల కోసం ఒక లంకలో శాశ్వత ఆసుపత్రి పెట్టింది వెనిస్, 1423లో. 1468లో ఇంకో లంక, అనుమానం ఉన్న ఓడల్ని ఆపడానికి. ఇంత చేసినా 1630, 31ల్లో ఊళ్లో మూడోవంతు జనం పోయారు. ఆ మొక్కుకి కట్టిందే సలూతే చర్చి. ఇప్పటికీ నవంబర్ 21న కాలువ మీద తాత్కాలిక వంతెన వేసి జనం కొవ్వొత్తులతో వెళ్తారు. నేనూ వెళ్లాను, బయట అమ్మే వేయించిన పిండివంటల కోసం అని ఒప్పుకోవాలి.

గెట్టో అన్న మాటా ఇక్కడిదే. 1516లో యూదుల్ని పాత ఫౌండ్రీ ఉన్న లంకలో పెట్టారు. రాత్రి గేట్లకి తాళం, కాపలావాళ్ల జీతం కూడా యూదులే కట్టాలి. స్థలం పెరగదు కాబట్టి ఇళ్లు పైకి పెరిగాయి, ఆరేడు అంతస్తులు. సీలింగు ఎంత తక్కువంటే కిటికీల వరసలు లెక్కపెడితేనే తెలిసిపోతుంది.

లెక్కలపంతులు | ఆదివారం, రాత్రి 8:50

ముగింపు నేను చెప్తాను, ఎందుకంటే అందులోనూ అంకెలున్నాయి.

1797 మే 12. నెపోలియన్ సైన్యం సరస్సు ఒడ్డున ఉంది. ప్రభుత్వం తనను తాను రద్దు చేసుకోవాలని తీర్మానం. మహాసభకి కోరం 600. ఆ రోజు వచ్చినవాళ్లు 537. ఐదు శతాబ్దాలకు పైగా 30, 9, 40, 12 అని బంతులు లెక్కపెట్టిన సభ, చివరి రోజు కోరం లేకుండా ఓటేసింది. 512 మంది సరే అన్నారు. బయట సైనికులు వీడ్కోలుగా తుపాకులు పేల్చారు, లోపలివాళ్లు తిరుగుబాటు అనుకుని లెక్కింపు పూర్తికాకముందే పరుగులు పెట్టారు.

చివరి డోజే లుదొవీకో మానిన్ గదికెళ్లి, కిరీటం కింద పెట్టుకునే నార టోపీ తీసి పనివాడికిచ్చి, తీసుకో, ఇక దీంతో పని లేదు అన్నాడట. లీగల్‌గా చూస్తే ఆ తీర్మానం చెల్లదని నా వాదన. అప్పీలు ఎక్కడ వేయాలో తెలియదు.

పాతనాణెం | ఆదివారం, రాత్రి 9:30

చెల్లకపోయినా ఆ అక్టోబర్‌లోనే నెపోలియన్ ఊరిని ఆస్ట్రియాకి ఇచ్చేశాడు. 1846లో రైలు వంతెన వచ్చింది, లంక లంక కాకుండా పోయింది. 1848లో దానియేలె మానిన్ నాయకత్వంలో తిరగబడి ఏడాదిన్నర పాటు మళ్లీ రిపబ్లిక్ అన్నారు. ముట్టడిలో ఆస్ట్రియన్లు బెలూన్లకి బాంబులు కట్టి వదిలారు. చివరికి కలరా, ఆకలి కలిసి లొంగదీశాయి. 1866లో ఇటలీలో కలిసింది. చివరి డోజే ఇంటిపేరూ, తిరగబడ్డ మనిషి ఇంటిపేరూ ఒకటే కావడం తమాషా. చుట్టరికం మాత్రం లేదు.

టీచరమ్మ | సోమవారం, ఉదయం 6:40

రాత్రంతా చదువుతూ కూర్చున్నాను, పొద్దున కాఫీ పొంగిపోయింది. మెస్త్రెకుర్రాడు బాబూ, ఇప్పుడు ఎలా ఉంది ఊరు? మేం వెళ్లినప్పుడు ఇల్లున్న మనిషి ఒక్కరైనా కనిపించలేదు, అంతా మాలాంటి వాళ్లే.

మెస్త్రెకుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

మీరు చూసింది నిజమే ఆంటీ. 1951లో లంకల మీద పాత ఊళ్లో దాదాపు 1,75,000 మంది ఉండేవాళ్లు. ఇప్పుడు 50,000 కంటే తక్కువ. రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో ఆ అంకె ఎర్ర లైట్లతో వెలుగుతూ ఉంటుంది, ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. నేను ఇక్కడికొచ్చాక పెరగడం ఎప్పుడూ చూడలేదు.

జనం దిగిపోవడానికి 1966 నవంబర్ 4 వరద ఒక కారణం. నీరు 194 సెంటీమీటర్లు ఎక్కింది. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లు ఆ తడి గోడల్లోకి తిరిగి రాలేదు. తర్వాత ఇళ్లు టూరిస్టు అద్దెలకి మారిపోయాయి. మా ఆఫీసులో పెద్దావిడ ఒకరు అక్కడే పుట్టారు, ఇప్పుడు మెస్త్రెలో ఫ్లాట్. లిఫ్ట్ ఉంది, ఇంటి ముందే కారు ఆగుతుంది అంటారు. పండక్కి మాత్రం రోజంతా అక్కడే ఉంటారు.

2019 నవంబర్ 12న మళ్లీ 187 సెంటీమీటర్లు. సరస్సు మూడు ముఖద్వారాల దగ్గర 78 ఇనప తలుపులు నీటి అడుగున పడుకోబెట్టారు, మోజె అంటారు. గాలి పంపిస్తే లేచి నిలబడి సముద్రాన్ని ఆపుతాయి. ఐదు వందల కోట్ల యూరోలు దాటిన ఖర్చు, మధ్యలో అవినీతి అరెస్టులు, మన దగ్గర ప్రాజెక్టుల్లాగే అన్నీ అయ్యాయి. 2020 అక్టోబర్ 3న మొదటిసారి నిజమైన పోటుకి లేపారు. ఆ రోజు సాన్ మార్కో చౌకు పొడిగా ఉందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో రద్దీ రోజుల్లో ఒక్క పూటకి వచ్చేవాళ్ల దగ్గర 5 యూరోల టికెట్ కూడా పెట్టారు. ఊరికి టికెట్!

సైటింజనీరు | సోమవారం, సాయంత్రం 7:20

తలుపులు ఊరికే లేపలేరు తమ్ముడూ. లేపినంతసేపూ నీరు మారదు, ఓడలు ఆగుతాయి. సముద్రం పెరిగేకొద్దీ ఎక్కువసార్లు లేపాలి. నదుల్ని ఊరి నుంచి దూరం చేసి బతికినవాళ్లు ఇప్పుడు సముద్రాన్ని ఎన్ని రోజులు బయట నిలబెడతారో చూడాలి. టీచరమ్మ గారూ, మీ బావి ఫోటో ఉంటే పెట్టండి, కుర్రాళ్లకి చూపిస్తాను.

టీచరమ్మ | సోమవారం, రాత్రి 8:05

పెట్టాను చూడు నాయనా. గట్టు మీద కూర్చుని పులిహోర తింటున్నది మా మనవరాలు. పెద్దది చేసి చూస్తే కింద, గట్టు మొదట్లో నేలకి ఆనుకుని చిన్న రాతి గిన్నె చెక్కి ఉంది. అక్కడున్నప్పుడు చూడనే లేదు. అదెందుకు?

మెస్త్రెకుర్రాడు | సోమవారం, రాత్రి 8:12

కుక్కలకీ పిల్లులకీ ఆంటీ. నీళ్లు తోడుకునేటప్పుడు కాస్త అందులో పోసేవాళ్లు.